మగ్గం కాళ్ళతో విమానం దించడం

రెండు వేల సంవత్సరం దాటాక, హిందూపురానికి చెందిన ఒక రిటైర్డ్ పైలట్ పెనుకొండ దగ్గర తన పొలంలో మట్టి రన్‌వే చదును చేయించి, పాత విమానం ఒకటి తెచ్చి పెట్టుకున్నారు. ఇద్దరే కూర్చునే విమానం. వయసులో నాకంటే పదేళ్ళు పెద్దది. దాని రెక్కలు చట్రం మీద గుడ్డ బిగించి కుట్టినవి. ఆ గుడ్డ చీకిపోతే కుట్టే మనుషుల కోసం ధర్మవరంలో వెతికారు. మగ్గం నేసే నేను, మా ఆయన వెళ్ళాము.

రెండు నెలలు మైనం పూసిన దారంతో కుట్టాము. పైన రంగులాంటి మందు పూస్తే గుడ్డ డప్పులా బిగిసేది. పని అయిపోయాక, నాకు నడపడం నేర్పమని అడిగాను.

"సదువు వచ్చునా?" అన్నారు పైలట్.

"అచ్చరాలు వచ్చు సార్. నిదానంగా సదువుతా."

నలభై దాటాక వయోజన విద్య బడిలో నేర్చుకున్నాను. ఆయన నవ్వలేదు. ఎగిరే ముందు చూసుకోవలసినవన్నీ అట్ట మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఇచ్చారు. నేను వేలు పెట్టి చదివేదాన్ని. చదవడం పూర్తయ్యేదాకా ఇంజను వేసేవారు కాదు.

ఆయన ముందు సీటు, నేను వెనక సీటు. పైన ఇబ్బంది లేదు. మోకాళ్ళ మధ్య ఉండే నడిపే కర్ర కొంచెం లాగితే ముక్కు లేచేది. కింద పెనుకొండ కోట గోడ సన్నగా కనిపించేది. నేను మాత్రం ఎక్కువగా రెక్కనే చూసేదాన్ని. నేను వేసిన కుట్లు నన్ను మోస్తున్నాయి.

తప్పంతా నేల మీదే. అక్కడ విమానాన్ని తిప్పేది రెండు పాదాల కింది పెడళ్ళతో. మగ్గం కింద ఒక చెక్క తొక్కి వదిలి, వెంటనే రెండోది తొక్కాలి. నా కాళ్ళకు అదే అలవాటు, పెడళ్ళనూ అలాగే దిగదొక్కేదాన్ని. విమానం మెలికలు తిరిగేది.

"ఏమమ్మా, చీర నేస్తాండావా?" అనేవారు పైలట్.

"కాళ్ళు నిలబడవు సార్."

గట్టు మీద నుంచి మా ఆయన, "బార్డరు గూడా పెట్టు మే," అనేవాడు.

అంతలో బెంగళూరు వాళ్ళకు విమానం అమ్ముడుపోయింది. ఆదివారం తీసుకుపోతారు. "శనివారం నేల మీద మెలిక లేకుండా నెట్టగా నడిపితే నువ్వే దించొచ్చు. లేకుంటే నేనే దించుతా," అన్నారు పైలట్. ఒక్కసారైనా నా చేత్తో దించాలని నాకుండేది.

శుక్రవారం మగ్గం మీద పట్టు పోగు బలహీనంగా వచ్చింది. అలాంటప్పుడు చెక్కను పాదంతో తొక్కరు, కాలి వేళ్ళతో మెల్లగా అదుముతారు. ఏళ్ళుగా చేస్తున్న పనే. ఆ రోజు మాత్రం నా వేళ్ళ వంక చూసుకున్నాను.

శనివారం చెప్పులు విప్పి కూర్చున్నాను. నేల మీద విమానం మెలిక లేకుండా తిన్నగా నడిచింది. పైకి వెళ్ళి తిరిగి వచ్చేటప్పుడు పైలట్ రెండు చేతులూ తన భుజాల మీద పెట్టుకున్నారు, కర్ర తను పట్టుకోలేదని నాకు కనిపించేలా. చక్రాలు నేలకు తగిలి రెండుసార్లు ఎగిరాయి. పక్క గాలికి తోక కుడికి జరిగింది. నేను వేళ్ళతో అదిమాను, వదిలాను, మళ్ళీ అదిమాను. విమానం ఆగింది.

ఇంజను ఆపి, "చీర చినగలేదమ్మా," అన్నారు పైలట్.

మా ఆయన మట్టిలో చక్రాల జాడ వెంబడి నడుచుకుంటూ వచ్చాడు. ఒక చోట ఆగి, "ఈడ ఒక పోగు తప్పినావు," అన్నాడు.

మరునాడు రెక్కలు ఊడదీసి లారీ ఎక్కించారు. కుట్లు రాసుకోకుండా మధ్యలో దుప్పట్లు నేనే పెట్టాను.