బందరు మీటింగులో నా దొంగపేరు

నేను చేసిన బుద్ధిమాలిన పనులన్నీ రాస్తే ఆ పుస్తకం మోయడానికి ఎడ్లబండి కావాలి. అందులో ముఖచిత్రం వేయదగ్గ ఘోరం ఒకటుంది. తాగుడు మాన్పించే మీటింగుకి వెళ్ళి, నిజంగానే మానేసి, అసలు వెళ్ళనే లేదనిపించుకోబోయిన ఘనుణ్ణి నేను. నవ్వండి, మొహమాటపడకండి. ఆ రోజుల మోహనరావు మొహం, అంటే నా మొహమే, గుర్తొస్తే నేనూ కాసేపు నవ్వుకుని, ఆ తర్వాత తిట్టుకుంటాను.

మద్యనిషేధం ఎత్తేసిన మరుసటేడు సంగతి. నాకు ముప్పై నాలుగేళ్ళు, గుడివాడలో ఎరువుల కొట్టు. నిషేధం ఉన్నప్పుడే నాకు లోటు లేదు, ఎత్తేశాక ఇక చెప్పేదేముంది. మా పాప పుట్టినరోజున అందరి ముందూ తూలి కేకు మీద పడ్డాను. పక్కన కాదండీ, సరిగ్గా మీదే. మర్నాడు పొద్దున్నే నా భార్య సుజాత పాపని తీసుకుని అవనిగడ్డ, పుట్టింటికి వెళ్ళిపోయింది. వారం తర్వాత మా బావమరిది రవి కబురు తెచ్చాడు.

"బావా, బందరులో ఆదివారం సాయంత్రాలు తాగుడు మానేవాళ్ళ మీటింగు జరుగుతుందంట. పన్నెండు వారాలు నాగా లేకుండా వెళ్ళమంది అక్క. పన్నెండో వారం నేనే వచ్చి కనుక్కుంటాను. వెళ్తే అక్క వస్తుంది, లేకపోతే ఇక రాదు."

"అంటే నేను తాగుబోతునా?"

"కేకుని అడుగు."

వెళ్ళాను. చర్చి వెనక చిన్న గది, పది ప్లాస్టిక్ కుర్చీలు. ఒకాయన లేచాడు. "నా పేరు యేసురత్నం. గిలకలదిండి ఐసు ఫ్యాక్టరీలో పని. నేను తాగుబోతుని. ముట్టక తొమ్మిదేళ్ళయింది." ఐసు దిమ్మలు మోసేవాడి పక్కన, పదెకరాల మాగాణి ఉన్న నేను కూర్చోవడమా అని మూతి ముడుచుకున్నాను. ఆ పదెకరాల్లో రెండు అప్పటికే గొంతులోంచి దిగిపోయాయన్నది నా గొప్పతనానికి అడ్డు రాలేదు.

నా వంతు వచ్చింది. "నా పేరు ప్రసాద్. మాది శ్రీకాకుళం, ఆ జిల్లా కాదు, మన కృష్ణ ఒడ్డునున్న పల్లెటూరేనండీ. నా స్నేహితుడొకడు బాగా తాగుతాడు. వాడి కోసం తెలుసుకుందామని వచ్చాను."

అక్కడ పేరు తప్ప ఇంకేమీ అడగరు. ఊరి పేరు చెప్పమని నన్ను ఎవడు అడిగాడు? మన వైపు ఊరి పేరు చెప్పాక ఎవరైనా ఊరుకుంటారా? టీ తాగేటప్పుడు రిటైరైన బస్సు కండక్టరు వెంకటేశ్వర్లుగారు నా పక్కకి జరిగారు.

"శ్రీకాకుళంలో ఎవరి తాలూకండీ?"

"గుడి దగ్గర సుబ్బయ్యగారబ్బాయినండీ." గుడి దగ్గర సుబ్బయ్య లేని ఊరుంటుందా అని నా తెలివి.

"సుబ్బయ్యకి పెళ్ళే కాలేదే."

"నన్ను పెంచుకున్నారండీ."

"అలాగా. సుబ్బయ్య నాకు వరసకి బావ. అయితే నువ్వు నాకు అల్లుడివి."

అలా నాకో మావయ్య దొరికాడు. వారంవారం ఊరి కబుర్లు అడిగేవాడు. లేని గేదెని ఈనించాను. లేని పెదనాన్నకి కంటి ఆపరేషన్ చేయించాను. తాగిన రోజుల్లో కూడా ఇన్ని అబద్ధాలు ఆడలేదు.

చిత్రమేమిటంటే, వాళ్ళ కథలు వింటూ వింటూ మూడో వారం నుంచి నిజంగానే ముట్టలేదు. దాన్నీ "మా స్నేహితుడు మానేశాడండీ" అనే చెప్పాను. అందరూ వాడికి చప్పట్లు కొట్టారు. లేనివాణ్ణి చూసి కుళ్ళుకున్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

పన్నెండో ఆదివారం గుమ్మంలో రవి. నేను మావయ్య భారీ వీపు వెనక ఉన్నాను, వాడికి కనపడలేదు.

"గుడివాడ నుంచి మోహనరావని వస్తున్నాడాండీ?"

యేసురత్నం, "ఇక్కడికెవరొస్తారో బయటికి చెప్పమండీ" అన్నాడు.

"ఆ పేరు చెప్పినవాళ్ళెవరూ లేరు బాబూ," అని మావయ్య అందుకున్నాడు.

"అనుకున్నాను. పాపం, అక్క పొద్దున్నే పెట్టె సర్దుకుంది. వద్దని చెప్తాను," అని రవి వెనక్కి తిరిగాడు.

సుజాత ఆ పెట్టెలోంచి చీరలు ఒక్కొక్కటే తీయడం కళ్ళకి కట్టింది. భయమేసింది. కుర్చీ పడేసి లేచాను.

"రవీ, ఆగు. నేనే మోహనరావుని. మాది గుడివాడ. నాకు స్నేహితుడూ లేడు, గాడిదగుడ్డూ లేదు. తాగిందీ నేనే, మానిందీ నేనే, నేనే తాగుబోతుని. మావయ్యా, మీ బావగారు నన్ను పెంచుకోలేదండీ." ఆ చివరి ముక్క దగ్గర ఏడుపొచ్చేసింది.

అందరూ నోళ్ళు తెరుస్తారనుకున్నాను. ఒక్కడూ తెరవలేదు.

"కూర్చోండి మోహనరావుగారూ," అన్నాడు యేసురత్నం. "మొదటివారమే తెలుసు. మీరు వెనక గోడ చాటున దాచే స్కూటరు స్టెప్నీ కవరు మీద కొట్టు పేరూ, మీ పేరూ, ఊరూ ఎర్రక్షరాల్లో రాసున్నాయి గదండీ. మీ నోటితో మీరే చెప్పాలని ఊరుకున్నాం."

"మరి సుబ్బయ్యగారు?" అన్నాను మావయ్య వైపు తిరిగి.

"ఆ సుబ్బయ్యెవడో నాకేం తెలుసయ్యా? నువ్వెందాకా వెళ్తావో చూద్దామని."

గురువారం సుజాత వచ్చింది. గుమ్మంలో అడిగిన మొదటి మాట, "మీ స్నేహితుడు కులాసానా?"

కావున, ఉభయ కుటుంబాల పెద్దల సమక్షంలో ఇందుమూలముగా ప్రమాణం చేయడమేమనగా: చుక్క ముట్టను, అది సరే. అంతకంటే ముఖ్యంగా, ప్రాణం పోయినా సరే, రిటైరైన కండక్టరు ముందు ఊరి పేరు మార్చి చెప్పను.