కడిగిన గ్లాసు

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో తూకం మిషన్‌కు ప్రోగ్రాం రాసేటప్పుడు నేను ఏ వేరియబుల్‌నూ, అంటే అంకెను దాచుకునే ఏ గడినీ, నమ్మేవాణ్ణి కాదు. మేం వాడే ప్రోగ్రామింగ్ భాష ఆ గడిలో తనంతట తాను సున్నా పెట్టదు. మనం పెట్టకపోతే అక్కడ పాత అంకె ఏదో నక్కి ఉంటుంది. అందుకే అన్నిటికీ ముందే సున్నా పెట్టేవాణ్ణి. మా మేనేజర్‌కు అది గిట్టేది కాదు.

"ఎట్లయినా తర్వాత తూకం నింపుతవ్ గదా, గీ సున్నలెందుకు? ఉత్తగనే మిషన్ స్లో అయితది. తీసెయ్" అన్నాడు.

ఆ మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఆయన, కడిగి బోర్లించిన గ్లాసు తీసుకుని, కాసిన్ని నీళ్లు పోసి తిప్పి పారబోశాడు.

"కడిగిందే గద సార్, మల్ల కడుగుడెందుకు?" అన్నాను.

"ఎవలు తాగిండ్రో, అండ్ల ఏం మిగిలిందో!"

"నా సున్నలు గూడ గందుకే సార్."