రెండు మెట్లూ ఎక్కి వచ్చే పెద్దసారు

గణితశాఖలో చిన్నమేడమ్ అంటే జుట్టు సగం నెరిసిన పెద్దావిడ. పెద్దసారు ఉన్నన్నాళ్లూ ఆయన శిష్యురాలు చిన్నమేడమే అయింది. ఆయన పోయాక కుర్చీ పెద్దదయింది గానీ పిలుపు మాత్రం పెరగలేదు.

ఆమె వృత్తి వంపుల లెక్క. ఒక ప్రదేశం ఎంత వంగి ఉందో చెబితే, అందులో ఎంత చోటు పడుతుందో హామీ ఇవ్వడం. కచ్చితంగా ఎంత అని చెప్పరు; కనీసం ఇంత, మహా అయితే ఇంత అంటారు. "మా ఇల్లు కట్టిన కాంట్రాక్టరూ ఇదే చెప్పాడు, పైగా వాడికి ఇంత చదువు కూడా లేదు," అన్నాడు అక్క మొగుడు.

పెద్దసారు చివరగా నిరూపించిన అసమీకరణం ఆ శాఖకు కిరీటం. వంపు ఒక హద్దు మించకపోతే, గోళం ఎంత పెద్దదైనా దాని లోపలి పరిమాణం కనీసం ఇంత ఉండి తీరుతుందని దాని సారం. దాన్ని పొగిడినవాళ్లు బోలెడుమంది, వాళ్లలో చదివినవాళ్లు కూడా కొందరున్నారు. ఆయన పోయాక దాన్ని నల్లరాతి మీద చెక్కించి శాఖ గుమ్మం పక్కన నిలబెట్టాలని సభ చేసి మరీ తీర్మానించారు.

ఆ నిరూపణ మధ్యలో ఒక చోట "ఇది స్పష్టం" అని ఉంది. పెద్దసారు స్పష్టం అన్నాక ఎందుకని అడగడం, నలుగురూ బయల్దేరుతున్న వేళ గుమ్మంలో నిలబడి తుమ్మడం లాంటిది. అందుకని అందరూ తుమ్ము ఆపుకున్నారు.

ఆమె గది మేడమీద వరండాకు సరిగ్గా నడుమ. ముందు మెట్లకూ వెనక మెట్లకూ ఒకే దూరం. పెద్దసారు బుద్ధిపుట్టిన వైపు నుంచి ఎక్కి వచ్చేవారు, కుడి చెప్పు ఈడ్చుకుంటూ. ఆయన పోయిన కొన్నాళ్లకు, సాయంత్రం క్లాసులయ్యాక, ఆ చెప్పు చప్పుడు మళ్లీ వినిపించింది. వచ్చి తలుపు దగ్గర ఆగింది. తీస్తే ఎవరూ లేరు.

"రెండు వైపులా తాళాలేశానమ్మా, పిల్లి కూడా రాదు," అన్నాడు అటెండరు. అని, మర్నాటి నుంచి తాళాలు పెందలాడే వేయడం మొదలుపెట్టాడు, తాను బయట ఉండేటట్టు.

ఆమె జడుసుకోలేదు. పైగా తాళంచెవి ఒకటి అడిగి తన దగ్గర పెట్టుకుని, ఆ చప్పుడు కోసం ఇంటికి ఆలస్యంగా వెళ్లసాగింది. ఇన్నేళ్లలో తన మాట పూర్తిగా వినిపించుకున్నది ఆ మనిషి ఒక్కరే. పోయినా వస్తున్నారంటే, రానిమ్మనుకుంది.

కానీ రానురాను చప్పుడు రెండయింది. ముందు మెట్ల మీదా చెప్పు ఈడుస్తోంది, వెనక మెట్ల మీదా ఈడుస్తోంది. రెండూ ఒకేసారి వచ్చి ఒకే తలుపు దగ్గర ఆగుతున్నాయి. ఒక మనిషి, రెండు దారులు, ఒక్కటే గుమ్మం. ఒకనాడు అది వింటూ వింటూ ఆమె చేతిలో సుద్దముక్క విరిచేసింది. నిరూపణలో గోళం మధ్య నుంచి అన్ని దిక్కులకూ దగ్గరి దారులు వేసి, వాటి మీద పడ్డ చోటంతా కూడారు సారు. రెండు దారులు ఒకే చోటికి చేరితే? ఆ చోటు రెండుసార్లు లెక్కకొస్తుంది. ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

గోడవారన నీళ్ల గొట్టం ఉంది. కాగితాన్ని గుండ్రంగా కత్తిరించి గొట్టానికి చుట్టింది. ముడత లేకుండా చుట్టుకుంది, కానీ అంచు మీద అంచు ఎక్కింది. కాగితం ఎంత ఉందో అంత చోటు కప్పలేదు. గొట్టం సంగతి సారుకు తెలియక కాదు. తాను పెట్టిన షరతుల్లో అలాంటి చుట్టు రాదనుకున్నారు. అదే ఆ "స్పష్టం". ఆమె వారం తిరక్కుండా ఆ షరతులన్నీ తీర్చి, చుట్టూ తిరిగి వచ్చే ప్రదేశం ఒకటి కట్టింది. దారులు కలవనంత చిన్న గోళానికైతే సారు మాట నిజమే. కానీ అంతవరకు పాత పుస్తకాల్లో ఎప్పుడో ఉంది. అది ఆయనది కాదు.

ఇంతలో రాతిపనివాడు వచ్చాడు. "ఈ ఎక్కువ తక్కువల గుర్తు నోరు ఎటు తెరవాలో ఇంకోసారి చెప్పండమ్మా. చెక్కాక తిప్పమంటే రాయి వినదు."

"కాస్త ఆగు బాబూ," అంది.

చెబితే రాయి ఆగిపోతుంది. దిద్దాక ఆయనకు ఇటు వచ్చే పనీ ఉండదు. చెప్పకపోతే తప్పు రాతికెక్కుతుంది. ఆయన రోజూ వస్తారు. ఆ రెండో దారే బాగుందని ఆమెకు అనిపించింది. అలా అనిపించినందుకే భయపడి, సారు భార్య దగ్గరికి వెళ్లి తప్పు సంగతీ చప్పుడు సంగతీ రెండూ చెప్పేసింది.

అమ్మగారు తప్పు సంగతి పట్టించుకోలేదు. "నీ దగ్గరికి వస్తున్నారా?" అంది.

"నా దగ్గరికి కాదమ్మగారూ. లెక్క దగ్గరికి."

"ఆహా. నా దగ్గరికి ఒక్కనాడైనా రాలేదు. నా దగ్గర దిద్దుకోవాల్సిన తప్పులే లేవు కాబోలు." చెంగుతో ముక్కు తుడుచుకుంది. "దిద్దేముందు నాకోసారి వినిపించవే అమ్మాయ్."

మర్నాటి సాయంత్రం ఇద్దరూ గదిలో కూర్చున్నారు. ఎండ వరండా దాటుతుండగా రెండు వైపులా మెట్ల మీద చెప్పులు ఈడ్చిన చప్పుడైంది. అమ్మగారు కొంగు బిగించి పట్టుకుంది. తలుపు దగ్గర చప్పుడు ఆగింది.

"తప్పయిందిట," అంది అమ్మగారు తలుపుతో, కూరలో ఉప్పెక్కువైందన్నంత మామూలుగా. "ఈ పిల్ల పట్టుకుంది. రాయి వద్దని నేను చెబుతాను. ఇక మెట్లెక్కి దిగి కాళ్లు నొప్పి తెచ్చుకోకండి."

తర్వాత చెప్పు కదిలింది. ఇద్దరూ ఒక్కసారే లేచారు. అమ్మగారు ముందు మెట్ల వైపు, చిన్నమేడమ్ వెనక మెట్ల వైపు పరుగెత్తారు. రెండు వైపులా తాళాలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. ఎటునుంచీ ఎవరూ దిగలేదు.

తిరిగి వచ్చి, ఆయాసపడుతూ గోడకు చేరగిలబడ్డారు.

"నీ వైపు?" అంది అమ్మగారు.

"లేదమ్మగారూ. మీ వైపు?"

"లేదు." కొంగు విదిలించి సర్దుకుంది. "వెళ్లొస్తానని ఒక్కమాట అన్నారా చూడు. బతికుండగానూ అంతే."