గట్టు పక్క సంతకం

మా నాన్న పరాయి చేలల్లో కూలికి వెళ్ళి వెళ్ళి చివరికి కొన్నది అరెకరం. అమలాపురం దాటాక, కాలవ కింద. నేను బడిపంతులునయ్యాక కూడా ఏటా దగ్గరుండి వరినాట్లు ఊడ్పించేవాడిని. ఆ చేలో మళ్ళీ వరి పండుతుందా అన్న దిగులు నాలుగేళ్ళుగా నన్ను వదలడం లేదు.

పక్క చేను రైతు రొయ్యల చెరువు తవ్వుతానని ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. అభ్యంతరం లేదని గట్టు పక్క రైతులు సంతకాలు పెట్టాలని నిబంధన ఉంది. "మీదొక్కటే మిగిలిందండి మేష్టారూ" అని కాగితం మడత విప్పారు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. మన గుమ్మంలో కూర్చుని కాఫీ తాగుతున్న మనిషికి కాదని చెప్పడం మా వైపు ఎవరికీ చేతకాదు. చదవకుండానే పెట్టేశాను. ప్రశ్న రెండుసార్లు చదివి జవాబు రాయండని ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని సతాయించిన పెద్దమనిషిని!

ఆయన బోరు వేసి ఉప్పునీళ్ళతో చెరువు నింపారు. ఊట గట్టు దాటింది. రెండో ఏటికి మా నాట్లు ఎర్రబడి చచ్చాయి. అర్జీ పెడితే ఆఫీసులో నా సంతకమే తీసి నాకు చూపించారు.

సరుకు పట్టే ముందు ఎగుమతి కంపెనీ వాళ్ళు ఐసుపెట్టెతో వచ్చి రొయ్యల్ని పరీక్షకి పట్టుకెళ్ళేవారు. మందుల జాడ కనబడితే విదేశాల వాళ్ళు కంటైనరు మొత్తం తిప్పి పంపేస్తారట. "చాలా స్ట్రిక్టండి బాబూ వాళ్ళు" అని ఆయన హడలిపోయేవారు. సముద్రం అవతల తినేవాళ్ళ కడుపు మీద అంత శ్రద్ధ. ఉప్పెక్కిన మా నూతి నీళ్ళు ఒక్క సీసాడైనా పట్టుకెళ్ళి చూసినవాడు లేడు. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు మండడానికి కూడా ఓపిక లేదు.

ఈ ఏడు ఆయనే మళ్ళీ వచ్చి, ఎలాగూ పండని చేనేగా, చెరువుకి కౌలుకిమ్మన్నారు. నాన్న చేను బీడుగా చూడలేక సరేనన్నాను. అయితే దానికి నా అవతలి గట్టు రైతు సంతకం కావాలి. ఆయన చేలో వరి ఇంకా పచ్చగానే ఉంది. కాగితం పట్టుకుని నేనే వెళ్ళాను.

ఆయన కుర్చీ తుడిచి వేశారు. కొబ్బరిబొండం కొట్టి చేతికిచ్చారు. "మా పిల్లలిద్దరికీ చదువు చెప్పేరు. మీరడిగితే కాదంటానా అండీ?" అంటూ పెన్ను అందుకున్నారు. కాగితం చదవలేదు. చదవండని నా నోటిదాకా వచ్చింది.

ఆ బొండం నీళ్ళు తియ్యగా ఉన్నాయి. తాగుతూ ఊరుకున్నాను.