పగటిపూట గడియ

మలేసియాలో పుట్టి పెరిగిన దేవసేనకు పరదేశం ఏదంటే తిరుత్తణే. డెబ్భై తొమ్మిదిలో గాజుల అంగడి నటరాజ్‌ను పెళ్ళాడి ఇక్కడికి వచ్చింది. "ఆరు నెలలు చూడు. కుదరకపోతే నేనే మద్రాసులో ఓడ ఎక్కిస్తా" అని అతను మాటిచ్చాడు. ఆ మాటే ఆమెకు ధైర్యం.

అబ్బబ్బ, ఏం వీధి అది! పిలుపూ లేదు, పలకరింపూ లేదు, ఎవరైనా లోపలికి వచ్చేయడమే. కూర మూత తీసి వాసన చూసేవాళ్ళొకరు, పెట్టె తెరిచి చీరలు మడత విప్పేవాళ్ళొకరు. నాలుగో నెలకు దేవసేన ఓపిక చచ్చింది. ఒక మధ్యాహ్నం వీధి తలుపుకు గడియ పెట్టి, "నాయనా, నన్ను తీసుకుపో" అని ఉత్తరం మొదలుపెట్టింది.

ఆ వీధిలో పగటిపూట గడియ పడిందంటే లోపల ఏదో ఘోరం జరిగినట్టే లెక్క. పాపం, ఆ సంగతి ఆమెకు ఎవరు చెప్పారు గనక! రెండో వాక్యం పూర్తి కాకముందే తలుపు దబదబా మోగింది. ఇస్త్రీ బండి వరదన్ పెరటి గోడ దూకేశాడు. దేవసేన వెళ్ళి తలుపు తీస్తే, ఎదురింటి కస్తూరమ్మ అప్పటికే ఏడుస్తోంది.

"ఏమైందే బిడ్డా?"

"ఏం కాలేదత్తా! ఉత్తరం రాసుకుంటుండా."

"దానికి తలుపెందుకే? మేమేమన్నా చదివేస్తామా?" కస్తూరమ్మ ముక్కు చీదింది. "సరే, చదివేస్తాంలే" అని తనే ఒప్పుకొని అక్కడే చతికిలబడింది. "బిడ్డ బాగుండాదని రాయి. మీ నాయన బెంగపడతాడు."

దేవసేనకు ఒళ్ళు మండింది, నవ్వూ వచ్చింది. ఉత్తరం సగంలోనే ఆగిపోయింది.

ఆరో నెల నిండే రోజు పొద్దున పదింటికి ఎదురింటి తలుపు మూసి ఉంది. కస్తూరమ్మ ఒంటరి ముసలిది. దేవసేన చేతి పిండి కడుక్కోకుండానే పరుగెత్తి తలుపు బాదింది.

"అత్తా! ఓ అత్తా! వరదన్నా, గోడ దూకన్నా!"

తలుపు ఓరగా తెరుచుకుంది. దేవసేన పెట్టెలోంచి ఎప్పుడో అడిగి తీసుకున్న మలేసియా పూల నైటీలో, సిగ్గుతో చచ్చిపోతూ కస్తూరమ్మ!

"ఎట్లుంటాదో చూద్దామని ఏసుకుంటినే. అరవబాకు!"

"పట్టపగలు ఎవురన్నా తలుపేసుకుంటారా అత్తా? నా పానం పోయింది!" దేవసేన బోరున ఏడ్చి, ఏడుస్తూనే నవ్వింది.

సాయంత్రం నటరాజ్ భయంభయంగా గడువు గుర్తు చేశాడు. "ఓడ టికెట్టు తీయమంటావా?"

"నేను ఓడెక్కితే" అంది దేవసేన కసురుకుంటూ, "ఆ ముసలామె తలుపు కొట్టేదెవురు?"