పూలు మాత్రమే అన్నాను

ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిన్నదేలే అని నాకు నేను చెప్పుకుంటూ మోశాను కాబట్టి రోజురోజుకీ బరువెక్కింది. మీరెవరో నాకు తెలియదు. అదే మంచిది. తెలిసినవాళ్లకి చెబితే సగంలోనే ఓదార్చడం మొదలుపెడతారు, మావాళ్లకి ఓదార్చడమంటే అంత సరదా. నాకు ఓదార్పు వద్దు. వినండి చాలు.

నా పేరు అనవసరం. ఊరి పేరు కూడా చెప్పను. కెనడాలో పడమటి వైపు, ఏడాదిలో సగం రోజులు ముసురు పట్టి ఉండే ఊరు. ఊరి చివర గుర్రప్పందేల మైదానం ఒకటి ఉంది. దాని మార్కెటింగ్ టీమ్‌లో నేను కాంట్రాక్టు ఉద్యోగం చేసేదాన్ని. పందేలకి వచ్చే పాత జనం ముసలివాళ్లయిపోయారు. కొంతమంది పోయారు కూడా. గ్యాలరీల్లో మనుషులకన్నా సీగల్ పక్షులు ఎక్కువ కనపడేవి. అప్పుడు ఒక సోమవారం పొద్దున మా డైరెక్టర్‌కి జ్ఞానోదయమైంది, ఈ ఊళ్లో తెల్లవాళ్లు కానివాళ్లు కూడా కాపురాలుంటున్నారని.

మీటింగులో ఒక స్లయిడ్ వేసింది. దాని మీద 'ప్రియ' అని ఒక ఊహా స్త్రీ. ముప్ఫై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలు. ప్రియకి రంగులంటే ఇష్టమట, కుటుంబమంటే ఇష్టమట, ఆధ్యాత్మికత అంటే ప్రాణమట. ప్రియకి గుర్రాలంటే ఇష్టమో కాదో ఆ గదిలో ఒక్కరికీ అడగాలనిపించలేదు. అందరూ నా వైపు తిరిగారు. ఆ గదిలో ప్రియకి దగ్గరి చుట్టంలా కనపడేది నేనొక్కదాన్నే కదా. నవ్వి లేచి వెళ్లిపోవాల్సింది. నేను నోట్‌బుక్ తెరిచాను. కాంట్రాక్టు డిసెంబరుతో అయిపోతుంది, పర్మనెంట్ చేస్తారేమోనన్న ఆశ. ఇంతకీ నేను వాళ్లని అసహ్యించుకున్నది ఎందుకు? వాళ్లకి ప్రియని అమ్మిపెట్టింది నేనే అయితే?

అమ్మాను. దసరాకి మనవాళ్లు గుడి పార్కింగ్ లాట్‌లో చేసే వాహన పూజ ఉంది చూశారా, లీజుకి తెచ్చుకున్న ఎలక్ట్రిక్ కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బానెట్‌కి పసుపు కుంకుమ పూసి, కొబ్బరికాయ కొట్టి, మర్నాడు కార్ వాష్‌కి తీసుకెళ్లేది. అది తీసుకెళ్లి గుర్రానికి తగిలించాను. 'రాజుల కాలంలో ఆయుధ పూజ రోజున గుర్రాలకి పూజ చేసేవారు, ఆ సంప్రదాయాన్ని కెనడాలో పునరుద్ధరిస్తున్నాం' అని స్లయిడ్ మీద రాశాను. ఇంట్లో దీపం పెట్టి ఎన్నాళ్లయిందో నాకే గుర్తులేని రోజులవి. డైరెక్టర్ కళ్లలో నీళ్లు తిరిగాయి. 'ఆథెంటిక్' అంది.

ఇక ఒక పెద్దమనిషి కావాలి. మా తెలుగువాళ్లలో ఒక డాక్టర్ అంకుల్ ఉండేవారు. పశువైద్యుడు. ఆంధ్రాలో చదివి, ఈ దేశంలోనే సస్కటూన్ అనే ఊళ్లో పాతికేళ్లు పశువుల టీకాల ల్యాబ్‌లో పనిచేసి, రిటైరయ్యాక కూతురి దగ్గరికని మా ఊరొచ్చి అపార్ట్‌మెంట్ కొనుక్కున్నారు. తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో అందరూ ఆయన్ని మొక్కలకొచ్చే తెగుళ్ల గురించి అడిగేవారు, ఆయన పశువుల డాక్టరని గుర్తులేక. గుర్రం అనగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఒకటే షరతు పెట్టారు. "గుర్రం కారు కాదమ్మా. నిమ్మకాయలు, హారతి, కొబ్బరికాయ ఏమీ వద్దు. ఒక దండ, ఒక బొట్టు, అంతే." సరేనన్నాను.

ఆ రోజు మూడొందల మంది దాకా వచ్చారు. ఫ్రీ పార్కింగ్, ఫ్రీ పులిహోర అన్న రెండు మాటలకి వచ్చారు. సంప్రదాయ పునరుద్ధరణ కోసం వచ్చినవాళ్లు నాకైతే కనపడలేదు. పట్టుచీరల మీద రెయిన్ జాకెట్లు వేసుకుని, పందేలకి వీపులు తిప్పి, పులిహోర లైన్‌లో ఇళ్ల రేట్ల గురించి మాట్లాడుకున్నారు. పిల్లలు ఫోన్లలో తలలు పెట్టి "మామ్, కెన్ వీ గో నౌ" అంటున్నారు. ఈ పక్క మా డైరెక్టర్, ఎవరో చుట్టబెట్టిన చీరలో, కుచ్చిళ్లు తొక్కుకుంటూ అందరికీ నమస్తేలు పెడుతోంది. ఎవర్ని చూసినా నాకు ఒళ్లు మండింది. నన్ను చూసుకోవడానికి అక్కడ అద్దం లేదు.

పూజకి పెట్టిన గుర్రం పదిహేనేళ్ల ఆడగుర్రం. పరుగులు మాని చాలా కాలమైంది, జనానికి చూపించడానికి ఉంచారు. దాన్ని చూసుకునే గ్రూమ్ పేరు డెస్మండ్. అసలు పేరు అది కాదనుకోండి. జమైకా మనిషి, యాభై ఏళ్లుంటాయి. ఎనిమిదేళ్లుగా ఆ గుర్రం తిండి, స్నానం, నడక అన్నీ ఆయనవే. వర్క్ పర్మిట్ ఆ గుర్రపుశాల యజమానికే ముడిపడి ఉంది, ఇంకో చోట పనిచేయడానికి వీల్లేదు. ఆయన నా దగ్గరికొచ్చి మెల్లగా చెప్పాడు. దీనికి ఎడమ కన్ను సరిగా కనపడదు, కనపడని వైపు నుంచి చప్పుడైతే బెదురుతుంది, మీరేం చేయబోతున్నారో ముందే చెప్పండి, దాన్నిబట్టి పట్టుకుంటాను అన్నాడు. 'ఓన్లీ ఫ్లవర్స్' అన్నాను. అంకుల్ నా పక్కనే ఉన్నారు. విన్నారు. పూలేనని ఆయన కూడా తలూపారు.

అంకుల్ దండ వేశారు. గుర్రం నుదుటి మీద బొట్టు పెట్టి, మెడ మీద చెయ్యేసి కాసేపు అలాగే నిలబడ్డారు. అంత సంతోషంగా ఆయన్ని అంతకుముందెప్పుడూ చూడలేదు. ఫొటోగ్రాఫర్ మాత్రం పెదవి విరిచాడు. బాగుంది గానీ ఏదో ఒకటి జరగాలి, కదలిక ఉండాలి అన్నాడు. నా బ్యాగులో కొబ్బరికాయ ఉంది.

ఎందుకుంది? పూలు మాత్రమే అని ఇద్దరికి మాటిచ్చిన మనిషి బ్యాగులో కొబ్బరికాయ ఎందుకుంటుంది? అప్పటికప్పుడు తోచిందని చాలా ఏళ్లు నన్ను నేను నమ్మించుకున్నాను. కాదు. పొద్దున ఇంట్లోనే పెట్టుకున్నాను, అవసరమైతే వాడదామని, పీచు కూడా తీసి సిద్ధంగా పెట్టుకున్నాను. వెలుతురు బాగుందని ఎడమ వైపుకే వెళ్లాను. సిమెంటు గట్టు మీద గట్టిగా కొట్టాను.

గుర్రం ముందుకాళ్లు రెండూ పైకి లేపింది. డెస్మండ్‌ని నాలుగైదు అడుగులు ఈడ్చింది. తాడు చేతుల్లో కోసుకుపోతున్నా ఆయన వదల్లేదు. వెనక్కి జరుగుతున్న జనంలో ఒకావిడ కాలు జారి పడింది, మణికట్టు విరిగింది. అర నిమిషంలో అంతా సద్దుమణిగింది. డెస్మండ్ గుర్రం చెవిలో ఏదో చెబుతూ నిలబడ్డాడు. నా వైపు ఒకసారి చూశాడు. 'పూలన్నావు కదా' అన్నాడు, అంతే.

పందేల అధికారుల విచారణ మొదలైంది. నన్నొక ఫారం నింపమన్నారు. శబ్దం వస్తుందని గ్రూమ్‌కి ముందే తెలియజేశారా? ఎదురుగా రెండు గళ్లు. 'యెస్' దగ్గర టిక్కు పెట్టాను. కింద ఒక వాక్యం కూడా రాశాను, ఫర్వాలేదు నేను చూసుకుంటానని ఆయన అన్నాడని. అడగని వాక్యం. అబద్ధానికి కాస్త అందం అద్దుదామనుకున్నాను కాబోలు, మార్కెటింగ్ మనిషిని కదా. దాంతో తప్పు మొత్తం డెస్మండ్ మీదికి వెళ్లిపోయింది. ముందే తెలిసీ గుర్రాన్ని సరిగా పట్టుకోలేదు, జనానికి దగ్గరగా నిలబెట్టాడు అన్నారు. ఆయన గ్రూమ్ లైసెన్సు ఉంచాలా తీసెయ్యాలా అన్నది ఆ వారాంతంలోగా తేల్చేస్తామన్నారు.

అంకుల్ ఫోన్ చేసి రమ్మన్నారు. వెళ్లాను. డైనింగ్ టేబుల్ మీద తెల్ల కవరు పెట్టి ఉంది. లోపల రెండు పేజీలు, పాత గవర్నమెంటు ఆఫీసర్ల గుండ్రటి చేతిరాత.

"విచారణవాళ్లకి ఇది నువ్వివ్వాలమ్మా. పోస్టులో వేస్తే ఆలస్యమవుతుంది. నువ్వైతే లోపలి మనిషివి" అన్నారు.

"ఇస్తానంకుల్."

"నీ గురించి చెడ్డగా ఏం రాయలేదు. పూలేనని మంచి మనసుతోనే చెప్పింది, తర్వాత హడావిడిలో పొరపాటు జరిగింది అని రాశాను. కావాలంటే చదువుకో."

"మీరు రాశాక నేను చూసేదేముంది అంకుల్."

"ఆ మనిషి తాడు వదల్లేదమ్మా. వదిలేసుంటే అది జనం మీదికి పోయేది. నేనలాంటివి చూశాను. ఆ సంగతి వాళ్లకి తెలియాలి. శుక్రవారం లోపల ఇస్తావు కదా?"

"రేపే ఇస్తాను."

ఆంటీ టీ ఇచ్చింది. తాగాను. రెండోసారి పోస్తే అదీ తాగాను.

ఆ కవరు మూడు రోజులు కార్లో ఉంది. చదివాను. ఆయన చెప్పినట్టే ఉంది. నా మీద ఒక్క పరుషమైన మాట లేదు. అది ఇచ్చి ఉంటే నాకేమయ్యేది? మహా అయితే చీవాట్లు. ఉద్యోగం పర్మనెంట్ అయ్యేది కాదేమో. ఇంకోటి వెతుక్కునేదాన్ని. నా పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు, అప్పటికే చేతికొచ్చేసింది, నన్నెవరూ ఎక్కడికీ పంపలేరు. పర్మిట్ మీద బతకడమంటే ఏమిటో ఏళ్ల తరబడి చూసినదాన్ని. అయినా ఆలోచించింది ఫారం మీద నేను పెట్టిన టిక్కు గురించే. పొరపాటు చేసిందని అనుకున్నా సరే గానీ, అబద్ధం రాసిందని తెలియకూడదు. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా దొరుకుతుందేమోనని ఆరేళ్లు వెతికాను. దొరకలేదు.

శుక్రవారం మధ్యాహ్నం లంచ్‌కి అందరూ వెళ్లాక, ఆఫీసులో కాగితాలు ముక్కలు చేసే మిషన్‌లో ఆ రెండు పేజీలూ వేశాను. సాయంత్రం అంకుల్ ఫోన్.

"ఇచ్చావా అమ్మా?"

"ఇచ్చానంకుల్."

"ఏమన్నారు?"

"చూస్తామన్నారు."

డెస్మండ్ లైసెన్సు పోయింది. అది లేనివాడు గుర్రపుశాలలో అడుగు పెట్టకూడదు, గుర్రపుశాలలో పని లేకపోతే పర్మిట్‌కి అర్థం లేదు. నెల తిరక్కుండానే జమైకా వెళ్లిపోయాడు. ఆఖరి రోజున ఆ గుర్రం దగ్గర చాలాసేపు కూర్చున్నాడని ఎవరో చెప్పారు. నేను వెళ్లలేదు. మా డైరెక్టర్ గది పక్కనే నాకు కొత్త సీటు ఇచ్చారు, దాన్ని సర్దుకుంటున్నాను.

కొబ్బరికాయకి ముందు తీసిన ఫొటో ఒకటి చాలా బాగొచ్చింది. బంతిపూల దండ, గుర్రం, నవ్వుతున్న అంకుల్. డెస్మండ్‌ని కత్తిరించేశాం. తాడు పట్టుకున్న నాలుగు వేళ్లు మాత్రం ఒక మూల మిగిలిపోయాయి, ఎవరూ పట్టించుకోలేదు. 'అందరికీ చోటుంది' అని ఇంగ్లిష్‌లో రాసి ఊరంతా బస్టాపుల్లో అంటించాం. నాకొక అవార్డు కూడా ఇచ్చారు, గాజుది. ఆ మూడొందల మందిలో ఒక్కరు కూడా మళ్లీ పందేలకి రాలేదు. మరుసటేడు ప్రియని తీసేసి ఇంకో దేశపు స్త్రీని స్లయిడ్ మీద పెట్టారు. ఆవిడకి కూడా రంగులంటే ఇష్టమట.

ఇన్నాళ్లూ రాయనిది ఇప్పుడెందుకు రాస్తున్నాను? పోయిన నెల ఒకరింట్లో గృహప్రవేశం. ఇండియా నుంచి ఈమధ్యే వచ్చిన ఒకావిడ, ఆఫీసులో మేనేజర్ వేధిస్తున్నాడని, కంప్లైంట్ రాయాలా వద్దా అని అంకుల్‌ని అడుగుతోంది. నేను పక్కనే ప్లేటు పట్టుకుని ఉన్నాను. అంకుల్ నిదానంగా చెప్పారు. "రాయకమ్మా. మనలాంటివాళ్ల కాగితాలు ఈ దేశంలో ఎవరూ చదవరు. నేను రాసి చూశాను. కావాలంటే ఈ అమ్మాయిని అడుగు, తనే తీసుకెళ్లి ఇచ్చింది." ఆవిడ నా వైపు చూసింది. నా నోట్లో ముద్ద ఉంది. నమిలాను. తలూపాను. కంప్లైంట్ రాయదని ఆవిడ ముఖం చూస్తేనే తెలిసిపోయింది.

ఆ స్లయిడ్‌ని, ఆ చీరని, పులిహోర లైన్‌ని, అందరినీ ఈసడించుకుంటూ బతికాను. వాళ్లెవరూ ఎవరి బతుకూ పాడుచేయలేదు. పులిహోర తిని ఇళ్లకి వెళ్లారు. అంకుల్‌కి చెబుతానా? తెలియదు. చెబుతానని ఇక్కడ రాసి మంచిదాన్ని అనిపించుకోను. డెస్మండ్ ఎక్కడున్నాడో వెతకలేదు. వెతికితే దొరుకుతాడని భయం.

ఎవరికీ చెప్పనిది ఒక్కటే మిగిలింది. ఆ శుక్రవారం పొద్దున, నేనింకా కాగితాలు మిషన్‌లో వెయ్యకముందు, విచారణ అధికారిణి నాకు ఫోన్ చేసింది. పూలు మాత్రమే అన్నారని గ్రూమ్ గట్టిగా చెబుతున్నాడు, ఆ సమయంలో దగ్గరగా ఉండి విన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా, ఎవరైనా ఏమైనా రాసిచ్చారా, వస్తే తప్పకుండా చదువుతాను అంది. రెండుసార్లు అడిగింది. అంకుల్ మాటని ఈ దేశం వినకపోవడం కాదు. ఫోన్ చేసి మరీ అడిగింది. ఎవరూ లేరని నేను చెప్పాను.