అక్క గొంతు, అడ్డదారి తమ్ముడు

ఆఫీసులో అతనికి పెట్టిన పేరు అడ్డదారి. పేరు ఊరికే రాలేదు. ఇంట్లో కుళాయి కారితే బాగుచెయ్యడు, చప్పుడు వినబడకుండా కింద గుడ్డ పరుస్తాడు. తలుపు కిర్రుమంటే ఇక దాన్ని మూయడం మానేస్తాడు. ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలోనూ అదే వరస. ఏ లైను మొండికేస్తే, కంప్యూటర్ దాన్ని చదవకుండా దాని ముందు రెండు గీతలు గీసి నిద్రపుచ్చుతాడు. పని నడిచిందా లేదా, అంతే కావాలి మహానుభావుడికి.

అలాంటివాడి చేతిలో పడింది అక్క గొంతు.

అక్క మాట్లాడితే వీధి వీధంతా వినాల్సిందే. గొంతులో గడ్డతోపాటు స్వరపేటిక కూడా తీసెయ్యాలని డాక్టరమ్మ చెబితే, ఆపరేషన్‌కు ముందే గంటల తరబడి చదివి రికార్డు చేయించుకుంది. ఆ తరవాత ఆమె టైపు చేస్తే కంప్యూటర్ ఆమె గొంతుతోనే మాట్లాడేది, తిట్లతో సహా. మొన్న ఆ కంప్యూటర్ కాస్తా చచ్చి ఊరుకుంది. కొత్తది కొన్నారు. రికార్డింగులు భద్రంగానే ఉన్నాయి కానీ, వాటిని మాటలుగా కూర్చే ప్రోగ్రాము, లైబ్రరీ అంటారు దాన్ని, కొత్తదానికి తయారుగా దొరకదు. దాన్ని రాసినాయన సోర్స్ కోడ్ ఇంటర్నెట్‌లో పెట్టి ఎప్పుడో చేతులు దులుపుకున్నాడు. ఆ కోడును ఎవరి కంప్యూటర్లో వాళ్ళే కంపైలర్‌కిచ్చి కంపైల్ చేసుకోవాలి, అంటే అక్కడ నడిచేలా మార్చుకోవాలి.

"చిటికెలో పని అక్కా," అన్నాడు తమ్ముడు.

కంపైలర్ అతనికి చుక్కలు చూపించింది. మొదలుపెట్టగానే తెర నిండా ఎర్రటి తప్పులు, పుట్ట పగిలినట్టు. పక్కనే కుర్చీ వేసుకున్న అక్క పలక మీద రాసి చూపించింది: "చిటికె అయిందా?"

అతను తన మామూలు పద్ధతిలోకి దిగాడు. తెర అడుగున కనబడే ఆఖరి తప్పు పట్టుకోవడం, ఆ లైనును నిద్రపుచ్చడం, మళ్ళీ కంపైల్ చెయ్యడం. భోజనాల వేళకు తప్పులన్నీ మాయమయ్యాయి. కాలరెగరేసి, అక్క చేత టైపు చేయించాడు.

స్పీకర్లోంచి గొంతు వచ్చింది. అక్కదే. కానీ ఎక్కడా ఆగదు, ఎక్కడా ఎత్తదు, దించదు. ఎవరో అప్పజెబుతున్నట్టు ఒకటే ధోరణి.

"పలుకుతోంది కదక్కా! ఇంకేం కావాలి?"

అక్క పలక తుడిచి మెల్లగా రాసింది: "ఇది నేను కాదురా." రాసి ముఖం తిప్పుకుంది. ఆ మనిషి కళ్ళలో నీళ్ళు ఆపరేషన్ రోజున కూడా అతను చూడలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. తాను నిద్రపుచ్చిన లైన్లలోనే ఉన్నాయి అక్క మాట విరుపులన్నీ.

చేసిందంతా చెరిపేసి, కోడు మళ్ళీ తెచ్చుకున్నాడు. ఈసారి పైదాకా పోయి మొట్టమొదటి తప్పు చదివాడు. జన్మలో మొదటిసారి కూడబలుక్కుంటూ పూర్తిగా చదివాడు. సంగతేమిటంటే, లైబ్రరీ తనతో తెచ్చుకున్న ఒక ఫైలుకూ, కంప్యూటర్లో ముందే ఉన్న వేరే ఫైలుకూ పేరు ఒక్కటే. కంపైలర్ ఆ రెండోదాన్ని తెరిచి, అందులో లేనివాటి కోసం గగ్గోలు పెడుతోంది. మిగతా తప్పులన్నీ ఈ మొదటిదాని సంతానమే. ముందు లైబ్రరీ ఫోల్డర్లో వెతకమని కంపైలర్‌కిచ్చే ఆజ్ఞలో ఒక్క మాట చేర్చాడు. కోడులో ఒక్క లైను కూడా ముట్టుకోకుండానే కంపైల్ అయిపోయింది.

కీబోర్డు అక్క వైపు జరిపాడు.

"ఒరేయ్..." అంది స్పీకరు. అని ఆగింది, అక్క ఆగినట్టే. తరవాత అందుకుంది. "పొద్దున్నే ఈ పని చేసి ఏడవొచ్చు కదరా వెధవా!"

ఆ మాట చివర ఎత్తు ఉందే, చిన్నప్పటి నుంచీ అతన్ని హడలగొట్టింది అదే. కంప్యూటర్ చచ్చిన ఈ కొద్ది రోజుల్లోనే దానికోసం ఎంత మొహం వాచిపోయాడో ఇప్పుడే తెలిసింది.

"సరిగ్గా వినబడలేదక్కా," అని అబద్ధమాడాడు. "ఇంకోసారి తిట్టవూ?"

అక్క అతని మొహంలోకి చూసింది. స్పీకరు సౌండు పెంచి, మళ్ళీ మొదటి నుంచి తిట్టింది.